విశ్రాంతి శిక్షణ

కళ్ళు మూసుకోండి అంది ట్రైనరమ్మాయి. ఆమె మూసుకుంది. డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన వేళ, యూనిఫాం అయినా మార్చుకోకుండా, ఆసుపత్రి మీటింగు హాల్లో కుర్చీలన్నీ గోడవారకి నెట్టేసి పరిచిన నీలం చాపల మీద, తోటి నర్సులందరితో పాటు వెల్లకిలా పడుకుని ఉండగా, కళ్ళు మూసుకోవడం ఏమంత కష్టం. తెరిచి ఉంచడమే కష్టం. ఈ మధ్య ఆమెకు బస్సులో నిలబడి కూడా రెప్పలు వాలిపోతున్నాయి, దిగాల్సిన స్టాపు దాటిపోయి కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. మెల్లగా గాలి పీల్చండి, మీ భుజాలు నేలలోకి కరిగిపోతున్నాయి అనుకోండి, అంటోంది ఆ అమ్మాయి తేనె పూసినట్టున్న గొంతుతో. అనుకుంది. కరగలేదు. ఎడమ భుజం కింద చాప మడతపడి గుచ్చుకుంటోంది. కొత్త చాప, రబ్బరు వాసన, చేతి తొడుగుల డబ్బా కొత్తగా చింపినప్పుడు వచ్చే వాసనలాంటిదే. అందుకే కాబోలు ముక్కుకు తగలగానే చేతులు వాటంతటవే పనికి లేచాయి, ఎవరి కట్టు, ఎవరి సెలైన్, ఎవరికి సూది. ఎవరికీ కాదు తల్లీ, పడుకో. పడుకోమని సర్క్యులరు వచ్చింది. ఒత్తిడి తగ్గించే కార్యక్రమం, అందరూ విధిగా రావాలి, రానివాళ్ళకు గైర్హాజరు వేయబడును. విశ్రాంతి తీసుకోకపోతే గైర్హాజరు! నోటీసుబోర్డు దగ్గర నిలబడి అందరూ చదివారు, ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మాట అది అని కూడా ఎవరికీ తట్టలేదు. పిచ్చుక ఉంటే నవ్వేది. పొట్ట పట్టుకుని నవ్వేది.

పిచ్చుక అని పేరు పెట్టింది పెద్దసిస్టరు. ఆ పిల్ల నర్సింగ్ చదువు అయిన వెంటనే వార్డులో చేరింది, చేరిన రోజు నుంచీ ఒకటే కిచకిచ, మంచాల మధ్య నడిచేది కాదు, గెంతేది. నోరు మూసుకుని ఉష్ణోగ్రత చూడవే, నీ మాటలకే పేషెంటుకి జ్వరం వచ్చేలా ఉంది, అని కసిరేది పెద్దసిస్టరు, కసురుతూనే తన ఫ్లాస్కులో టీ సగం ఆ పిల్ల గ్లాసులో పోసేది. పెద్దసిస్టరుకు భారీ శరీరం, చిన్న అడుగులు, ఆవిడ వస్తుంటే వరండాలో చెప్పుల చప్పుడుకే డాక్టర్లు చొక్కా సర్దుకునేవాళ్ళు. మీకిష్టమైన ప్రశాంతమైన చోటు ఒకటి తలుచుకోండి, అంటోంది ట్రైనరమ్మాయి, సముద్రపు ఒడ్డు కావచ్చు, పూలతోట కావచ్చు. ఆమె సముద్రపు ఒడ్డును పిలిచింది, రాలేదు. వచ్చింది ఆడవాళ్ళ సర్జరీ వార్డు. పొద్దున్న డ్యూటీ, కిటికీల మీద నీళ్ళు చల్లి తుడుస్తున్న ఆయా, ఫినాయిలు వాసన, మంచాల చివర నిలబడి పెద్దసిస్టరు పంచిపెడుతున్న పని. ఇటువైపు నలుగురూ నీ వాళ్ళు, అటువైపు వాళ్ళు దానివాళ్ళు, మూలనున్న ముసలమ్మని మాత్రం నాకొదిలేయండి, మీవల్ల కాదు. నీ వాళ్ళు. అంతే, ఆ మాటలోనే ఉండేది అంతా. వచ్చిన రోజు నుంచి ఇంటికి పోయే రోజు దాకా వాళ్ళు నీ వాళ్ళే. మందూ నువ్వే, కట్టూ నువ్వే, బీపీ నువ్వే, పక్క మార్చడమూ నువ్వే, వాళ్ళు కోడళ్ళ మీద చెప్పే చాడీలు వినడమూ నువ్వే. పని తక్కువేం కాదు. నడుములు అప్పుడూ పడిపోయేవి. కానీ ఇంటికెళ్ళాక స్నానం చేస్తుంటే ఫలానా ఆవిడ ఇవాళ లేచి నాలుగడుగులు వేసిందని గుర్తొచ్చేది, గుర్తొచ్చి ఒంటి మీద పోసుకున్న నీళ్ళు ఇంకాస్త వెచ్చగా తగిలేవి. అలసట ఒకటే అయినా దానికి ఒక మొహం ఉండేది. ఇప్పుడు అలసట ఉంది, మొహం లేదు.

పెద్దసిస్టరు రిటైరైన కొన్నాళ్ళకే దిగాడు కొత్త మేనేజరు. అంతకు ముందు ఏదో పెద్ద హోటల్లో చేసేవాడట, గదులు శుభ్రం చేయడంలో వృథా అయ్యే కాలాన్ని సగానికి తగ్గించిన మనిషట. చెడ్డవాడా అంటే కాదు. ఎప్పుడూ గొంతు లేపలేదు, ఎదురొస్తే ముందు తనే నమస్కారం పెడతాడు, నర్సుల్ని మీరు అనే అంటాడు. వార్డులో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరు ఏ పనికి ఎన్ని నిమిషాలు తీసుకుంటున్నారో చూసి ఫోనులో నొక్కుకునేవాడు. నిమిషాలాయన అని పేరు పెట్టింది పిచ్చుక. ఒకరోజు ఆమె ఒక పేషెంటుకి జడ వేస్తోంది, ఆపరేషనుకు తీసుకెళ్ళే ముందు, ఆ మనిషి వణుకుతూ ఉంటే. నిమిషాలాయన దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా అడిగాడు, ఇది ఏ పని కిందకి వస్తుందండీ అని. ఏ పని కిందకి వస్తుంది? జడ కిందకే. ఆ జడ వేస్తూనే కదా ఆ మనిషికి కదిలే పన్ను ఒకటి ఉందని తెలిసింది, గొంతులో గొట్టం వేసేటప్పుడు ఊడగలదని మత్తు డాక్టరుకు చెప్పింది. కానీ అదంతా అప్పటికప్పుడు ఎక్కడ చెబుతాం. ఏమీ లేదు సార్ అంది. ఏమీ లేదు అనే గడిలోనే పడిపోయింది కాబోలు ఆ జడ. నెల తిరక్కుండా కొత్త పద్ధతి వచ్చేసింది. నర్సులు ఏ వార్డుకూ చెందరు, అందరూ ఒకే గుంపు, పొద్దున్నే ఫోనుకు వస్తుంది ఇవాళ నువ్వెక్కడ అన్నది. వెళ్ళాక మనుషుల్ని కాదు, పనుల్ని పంచుతారు. ఒకరు అందరికీ మందులు, ఒకరు అందరికీ కట్లు, ఒకరు అందరికీ కొలతలు, ఒకరు కంప్యూటరు ముందు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే ఎవరి మీదా భారం ఉండదండీ అని నచ్చజెప్పాడు ఇదే హాల్లో, గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ. బొమ్మల్లో నర్సు బాణంలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూసుకుపోతోంది. వెనక్కి తిరిగి చూసే బాణం ఏ బొమ్మలోనూ లేదు.

మీ చేతులు బరువెక్కుతున్నాయి. అవును, ఎక్కుతున్నాయి. ఇది మాత్రం నిజం అమ్మాయీ. పక్క చాప మీద ఎవరో గురక మొదలుపెట్టారు. అదృష్టవంతురాలు. ఆమెకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు, పాపం, పాతికేళ్ళు కూడా ఉండవు, పొద్దున్నుంచి ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది భుజాల్ని కరిగించి వచ్చిందో. మీ మనసులోకి ఏ ఆలోచన వచ్చినా దాన్ని మబ్బులా పోనివ్వండి అంటోంది. పోనిస్తానమ్మా, ఆ మబ్బు పోతే కదా. ఆ మబ్బు టైలరమ్మ.

టైలరమ్మ వచ్చింది పొత్తికడుపు ఆపరేషనుకు. ఆ వారం ఏ లెక్క తప్పిందో, ఫోను వరసగా కొన్ని రోజులు ఆమెను అదే వార్డుకు పంపింది. సన్నటి మనిషి, కళ్ళజోడు దారంతో మెడకు వేలాడేది, మంచం మీద పడుకునే వచ్చిపోయేవాళ్ళ బట్టలకు వంకలు పెట్టేది. "నీ చొక్కా చంకల్లో పట్టేస్తోంది సిస్టరమ్మా, కుట్టినవాడెవడో కొలతలు నీకు తీసుకోలేదు, గోడకు తీసుకున్నాడు. నేను లేచాక తీసుకురా, విప్పి కుడతా" అంది మొదటి రోజే. నొప్పి ఉందా అంటే మాత్రం ఆవిడ లేదనే అనేది. పంటి బిగువున లేదనేది. జీవితమంతా ఒక్కతే మిషను తొక్కి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, నొప్పి ఉందని ఒకసారి చెబితే చెప్పడం అలవాటైపోతుందని భయం కాబోలు. రెండో రోజుకి ఆమె కనిపెట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా టైలరమ్మ వేళ్ళు దుప్పటి అంచు అందుకునేవి. అంచును సన్నగా మడిచి, గోటితో నొక్కి, మళ్ళీ మడిచి, సూదీ దారం లేకుండా అంచు కుట్టుకుంటూ పోయేవి. జానెడు మడిస్తే కాస్త నొప్పి, మూరెడు మడిస్తే ఎక్కువ. ఆమె ఇక నోటితో అడగడం మానేసింది, వచ్చి దుప్పటి చూసేది, చూసి మందు వేసేది. టైలరమ్మ ఆశ్చర్యపోయేది. "నీకెలా తెలిసిందమ్మా?" మీ దుప్పటి చెప్పింది అని ఆమె చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ వేళ్ళను కూడా దాచేసుకుంటుంది. ఈ సంగతి రాయడానికి కంప్యూటరులో గడి లేదు. నొప్పికి అంకె ఉంది, అంచుకు లేదు. చెబుదామంటే ఎవరికి చెప్పాలి, తరవాత వచ్చేది ఎవరో తెలిస్తే కదా, డ్యూటీ మారేటప్పటి అప్పగింత కూడా ఇప్పుడు కంప్యూటరు తెర మీదే, నోటితో చెప్పుకునే కాలం వృథా కింద తీసేశారు.

ఆ రోజు ఫోను ఆమెను కింది అంతస్తులో పిల్లల వార్డుకు పంపింది. దూది ఏ బీరువాలో ఉంటుందో తెలియదు, ఏ పిల్లాడు ఏ తల్లి పిల్లాడో తెలియదు, పొద్దుగూకే దాకా తెర ముందు కూర్చుని అంకెలు ఎక్కించింది. పైన ఏం జరిగిందో తరవాత పిచ్చుక చెప్పింది, ఆసుపత్రి వెనక సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు కింద, ఎక్కిళ్ళ మధ్య. పిచ్చుకకు ఆ రోజు కొలతల పని. వార్డు మొత్తానికి బీపీ, నాడి, జ్వరం, తిరిగి వచ్చేసరికి మళ్ళీ మొదటి మంచం. టైలరమ్మ నాడి కొంచెం ఎక్కువే ఉంది, కానీ యంత్రం ఎర్రదీపం వెలిగించేంత లేదు. కట్ల పని వేరే వార్డు నుంచి వచ్చిన నర్సుది, ఆమె చూసింది, కట్టు పొడిగానే ఉంది. మందుల పని ఇంకొకామెది, ఇచ్చింది, టైలరమ్మ మింగింది. తెర ముందున్నామె అన్నీ ఎక్కించింది, అన్నీ ఆకుపచ్చగానే వచ్చాయి. "నా సిస్టరేదమ్మా అని అడిగింది అక్కా. పిల్లల వార్డుకు వేశారు, రేపొస్తుందిలెండి అన్నాను. మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళేసరికి దుప్పటి అంచు చుట్టూతా మడిచి పెట్టుకుంది అక్కా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎంత అందంగానో. నేను... నేను భలే నీటుగా మడిచారండీ అన్నాను. నవ్వింది." సాయంత్రానికి స్పృహ తప్పింది. లోపల ఎప్పటి నుంచి రక్తం కారుతోందో. థియేటరుకు తీసుకెళ్ళారు, తిరిగి తీసుకురాలేదు.

విచారణ జరిగింది. నలుగురు నర్సుల్నీ వరసగా కూర్చోబెట్టి అడిగారు. ఎవరి పని వాళ్ళు చేశారు, వేళకే చేశారు, లోపమేమీ లేదు అని తేల్చారు. నిమిషాలాయన నిజంగానే ఊపిరి పీల్చుకుని, మీలో ఎవరి తప్పూ లేదు, నిశ్చింతగా ఉండండి అన్నాడట. అప్పుడు పిచ్చుక, చెయ్యెత్తి, బళ్ళో పిల్లలాగా, "మరి ఆవిడ ఎలా పోయింది సార్?" అని అడిగిందట. జవాబు ఏం చెప్పారో పిచ్చుకకు గుర్తులేదు. ఏదో పొడుగు మాట చెప్పారక్కా అంది. ఆ నెలాఖరుకే మానేసింది. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో చేస్తోంది. ఒకసారి బజార్లో కనిపించి, హాయిగా ఉందక్కా, వచ్చినవాళ్ళ మొహం చూడటమే పని అంది. కిచకిచ లేదు. మామూలుగా నడిచి వెళ్ళిపోయింది.

అయితే మబ్బు అది కూడా కాదు. అసలు మబ్బు టైలరమ్మ పోయిన మర్నాటిది, దీన్ని ఆమె పిచ్చుకకు కూడా చెప్పలేదు. ఆ మర్నాడు డ్యూటీకి ముందు టైలరమ్మను చూసి పోదామని పై అంతస్తుకు వెళ్ళింది. ఆ మంచం మీద వేరే ఎవరో దువ్వెన నోట్లో పెట్టుకుని జుట్టు ముడి వేసుకుంటున్నారు. ఆయాను అడిగితే, టైలరమ్మా, నిన్న సాయంత్రం పోయింది కదమ్మా అంది. ఆమె "ఓహో" అంది. ఓహో అని, ఫోను తీసి, ఇవాళ నన్నెక్కడ వేశారో చూసుకుంది. కట్లు, ఎముకల వార్డు. మెట్లు దిగింది. అయ్యో అన్న బాధ రాలేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని మధ్యాహ్నం దాకా చూసింది, కట్లు కడుతూ. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కావాలనే ఆ వేళ్ళను, ఆ దుప్పటిని తలుచుకుంది, ఏడుపు తెచ్చుకుందామని. తల కింద పెట్టుకుని పడుకున్న చెయ్యి తిమ్మిరెక్కిపోతే, పట్టుకుని చూస్తే ఎవరిదో చెయ్యిలా ఉంటుందే, అలా ఉంది లోపల అంతా. తిమ్మిరి అయితే కాసేపటికి చీమలు పాకినట్టయి తిరిగి వస్తుంది. ఇది రాలేదు. పోయిన వారం కూతురు సైకిలు మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చింది. ఆమె కూర్చోబెట్టింది, కడిగింది, మందు రాసింది, కట్టు కట్టింది, చుక్క రక్తం అంటకుండా, ఎంతో చక్కగా, లేచి వెళ్ళి చేతులు కడుక్కుంటోంది. "ఎలా పడ్డావని కూడా అడగవేంటమ్మా!" అని అరిచింది పిల్ల వెనక నుంచి. వరండాలో కూర్చున్న అత్తయ్య, ఎప్పుడూ గట్టిగా ఒక మాట అనని మనిషి, "పిల్లని చూడలేదే నువ్వు, మోకాలు చూశావు" అంది. మళ్ళీ తనే, "నాకు మందులిచ్చేటప్పుడూ అంతేలే. నా నోరు చూస్తావు" అంది. నిష్ఠూరంగా కాదు. వాన పడేలా ఉంది అన్నట్టుగా అంది. వాళ్ళాయన ఆ రాత్రి, ఇంకెక్కడైనా చూసుకోరాదూ అన్నాడు. ఎక్కడైనా ఇంతేనట, కొత్త పద్ధతి అన్ని ఆసుపత్రులకూ పాకుతోందట, అంది ఆమె. తను చెబుతున్నది తన గురించి కానట్టే అంది.

మెల్లగా కళ్ళు తెరవండి. తెరిచింది. పైకప్పు మీద నీళ్ళు చెమర్చిన మరక. అందరూ లేచి కూర్చున్నారు, చెంపల మీద చాప గీతలతో. తలుపు దగ్గర నిమిషాలాయన, పక్కనే ఫొటోలు తీసే మనిషి. ఒక్కొక్కరూ ఇప్పుడెలా ఉందో ఒక్క మాటలో చెప్పండి అంది ట్రైనరమ్మాయి. తేలిగ్గా ఉంది. ప్రశాంతంగా ఉంది. చాలా తేలిగ్గా ఉంది. గురక పెట్టినామె, బాగుంది అంది, హాజరుపట్టీ మీద సంతకం పెట్టినంత వేగంగా. ఆమె వంతు వచ్చింది. ఆమె కూడా తేలిగ్గా ఉంది అనే అందామనుకుంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"సర్జరీ వార్డులో ఒకావిడ పోయింది సార్. నొప్పొస్తే దుప్పటి మడిచేది. ఆ సంగతి నాకు తెలుసు. నన్ను ఆ రోజు కింద కూర్చోబెట్టారు."

హాలు చెవులు రిక్కించింది. ఫొటోల మనిషి కెమెరా దించేశాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ రాదని తెలుసు. "నేనుంటే బతికేదో లేదో నాకు తెలియదు. తొందరగా తెలిసేది. మా నడుములు కాదు సార్ విరుగుతున్నది. పని ఎంతైనా చేస్తాం, అప్పుడూ చేశాం. మాకు మనుషుల్ని ఇవ్వండి. మాకు ముక్కలిస్తున్నారు. నాకు ఏడుపు కూడా రావట్లేదు సార్. ఈ చాపల మీద పడుకోబెడితే వస్తుందా?" గొంతు వణకలేదు. అదే ఆమెను భయపెట్టింది, ఇంత మాట అంటున్నా గొంతు మందుల మోతాదు చెబుతున్నట్టే ఉంది. "నా వార్డు నాకిచ్చేయండి. అంతే."

తరవాత నిమిషాలాయన చప్పట్లు కొట్టాడు. వెటకారానికి కాదు. కళ్ళు కూడా చెమ్మగిల్లాయి ఆయనకు, ఆమెకు రాని చెమ్మ. "ఇదండీ కావలసింది. ఇంత మనసు విప్పి మాట్లాడేవాళ్ళు మనలోనే ఉండగా బయటి నుంచి ఎందుకు పిలిపించాలి చెప్పండి? వచ్చే నెల నుంచి ఈ కార్యక్రమం మీరే చూసుకోండి. వార్డు డ్యూటీ ఇక ఉండదు మీకు. పగటిపూటే, కింద ఆఫీసు గదిలో. ఆదివారాలు సెలవు." ట్రైనరమ్మాయి కూడా చప్పట్లు కలిపింది, ఆ పైన హాలంతా. ఫొటో తీశారు.

కాదు అనడానికి ఆమె నోరు తెరిచింది. నేనడిగింది ఇది కాదు సార్, నేనేమడిగానో మీరు విన్నారా, అనే మాటలు వరసగా నిలబడి ఉన్నాయి నాలుక మీద. కానీ అంతకంటే ముందు పాదాలు విన్నాయి. నడుము వింది. ఆదివారాలు అన్న మాట మెడ నరాల్లోంచి జారి వీపంతా పాకింది. ఇక ఫోను పొద్దున్నే ఎక్కడికో తోలదు. ఇక ఎవరి నొప్పీ కనిపెట్టనక్కర్లేదు, కనిపెట్టి ఎవరికీ చెప్పలేక మోయనక్కర్లేదు, మర్నాడు ఎవరి మంచం వైపూ చూడనక్కర్లేదు. అప్పుడు, ఈ గంటంతా కరగనివి, ఆమె భుజాలు కరిగాయి.

"సరే సార్" అంది.

హాలు ఖాళీ అవుతోంది. నర్సులు చెప్పులు వెతుక్కుంటున్నారు. కొందరు ఆమె చెయ్యి నొక్కి వెళ్ళారు, కొందరు చూపు తప్పించుకుని వెళ్ళారు, ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. ఇక తన పని ఇదే కదా అని వంగి చాపలు చుట్టడం మొదలుపెట్టింది, గట్టిగా, అంచులు సమంగా వచ్చేలా. ఒక కొత్త నర్సు వెళ్ళబోతూ ఆగి, అవతలి కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి రెండు మూడు చాపలు చుట్టారు.

"మీరు మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది అక్కా" అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా. "పోయిన వారం ఎముకల వార్డులో నాకు మీరే చూపించారు, కట్టు వదులు ఎలా తెలుసుకోవాలో. అంతదాకా నాకెవరూ... మీరు కూడా వెళ్ళిపోతే ఎలా అక్కా?"

"ఎక్కడికీ పోవట్లేదుగా. కిందే ఉంటాను."

ఆ పిల్ల తలూపింది. ఫోను మోగింది, చూసుకుని, వస్తానక్కా అని మెట్ల వైపు పరిగెత్తింది. ఆమె మిగిలిన చాప చుట్టి గోడకు నిలబెట్టి, ఆ పిల్లను గుర్తు తెచ్చుకోబోయింది. ఎముకల వార్డు. కట్టు వదులు. ఎవరి కాలో గుర్తొచ్చింది, వేళ్ళ వాపు గుర్తొచ్చింది. ఈ పిల్ల మొహం మాత్రం రాలేదు. పేరు అడిగి ఉండాల్సింది అనుకుని, లైట్లు ఆర్పి, తలుపు దగ్గరికి వేసింది.